అబెయొకూటా నీలి బానలు: చేతిపని ఆడవాళ్లది, సరుకు ఎవరిది?

నైజీరియాలో లాగోస్ నుంచి ఉత్తరంగా సుమారు వంద కిలోమీటర్లు వెళ్తే అబెయొకూటా వస్తుంది. యుద్ధాల్లో చెల్లాచెదురైన ఎగ్బా జనం 1830లో ఒలుమో అనే కొండరాయి చుట్టూ చేరి కట్టుకున్న ఊరు ఇది. యొరూబా జాతిలో ఎగ్బాలు ఒక శాఖ. ఈ ఊరి ఇటోకు బజారు ఆదిరే గుడ్డకు పెట్టింది పేరు. తెల్లటి నూలుగుడ్డను ముడులు వేసి గానీ, కుట్టి గానీ, గంజితో బొమ్మలు గీసి గానీ నీలిమందులో ముంచి తీస్తే వచ్చేదే ఆదిరే. గుడ్డ మీద నమూనా వేసేది ఆడవాళ్లు, ముంచేది ఆడవాళ్లు, అమ్మేదీ ఆడవాళ్లే. కనీసం చాలాకాలం పాటు అలాగే సాగింది.

పశ్చిమాఫ్రికా అద్దకాల గురించి రాసేవాళ్లు ఎక్కువగా చెప్పేది తల్లి నుంచి కూతురికి వచ్చే విద్య గురించి, బొమ్మల అర్థాల గురించి. అవి నిజమే. కానీ ఇది బతుకుతెరువు కూడా. ఆ కోణంలో చూస్తే అడగాల్సినవి వేరే ఉన్నాయి. గుడ్డ ఎవరు కొంటారు? రంగు ఎవరి దగ్గర దొరుకుతుంది? అప్పు ఎవరిస్తారు? సరుకు మిగిలిపోతే నష్టం ఎవరి నెత్తిన పడుతుంది? అబెయొకూటా గత వందేళ్ల చరిత్రలో వీటికి జవాబులు చాలావరకు దొరుకుతాయి. చేతిలో పనితనం ఉన్నా, ముడిసరుకు చేయి దాటిపోయినప్పుడల్లా ఆడవాళ్ల ఆదాయం పలచబడుతూ వచ్చింది.

ముందుగా ఒక అపోహ తీసేయాలి. అద్దకం ఆఫ్రికాలో సహజంగానే ఆడవాళ్ల పని అనుకుంటే పొరపాటు. అదే నైజీరియాలో ఉత్తరాన కానో నగరం ఉంది. అక్కడి కోఫర్ మాతా నీలి గుంతలు 1498లో మొదలయ్యాయని చెప్తారు. నేలలో తవ్విన లోతైన గుంతల పక్కన కూర్చుని గుడ్డలు ముంచేది హౌసా మగవాళ్లు. యొరూబా ప్రాంతంలో గుంతల బదులు మట్టి బానలు, మగవాళ్ల బదులు ఆడవాళ్లు. మాలీ, సెనెగల్ వైపు సోనింకే జనంలో కూడా నీలి అద్దకం ఆడవాళ్లదే. రంగులోని రసాయనం ఎక్కడైనా ఒకటే. ఎవరి పని అన్నది మాత్రం ఆ సమాజంలో ఆస్తి, పెళ్లి, వ్యాపారం ఎలా నడుస్తాయన్న దాన్నిబట్టి తేలింది.

యొరూబా ఇళ్లలో భార్య సంపాదన భర్త సంపాదనలో కలిసిపోదు. ఆమె లావాదేవీలు ఆమెవి. పిల్లల తిండిలో, బట్టల్లో, చదువుల్లో చాలా భాగం తల్లి చేతి డబ్బుతోనే గడవాలన్నది అక్కడ మామూలు లెక్క. అందుకే పెళ్లయిన ఆడదానికి ఏదో ఒక వ్యాపారమో చేతిపనో ఉండి తీరాలి. ఇంటి వెనక బానలు పెట్టుకుని, పిల్లల్ని చూసుకుంటూ చేసే అద్దకం ఆ అవసరానికి బాగా కుదిరింది. బజారులో ఆడవాళ్ల పెత్తనం కూడా చిన్నదేం కాదు. బానిసల వ్యాపారం నుంచి ఆయుధాల వరకు నడిపిన మేడమ్ టినుబును 19వ శతాబ్దంలో ఈ ఊరు ఇయలోదేగా, అంటే ఆడవాళ్లందరికీ నాయకురాలిగా, నిలబెట్టింది.

ఇక పని సంగతి. యొరూబాలు ఎలూ అని పిలిచే తీగ జాతి మొక్క లేత ఆకుల్ని రోట్లో వేసి దంచుతారు. ఆ ముద్దను ఉండలు చేసి ఎండబెడతారు. ఇలా ఎండిన ఉండలు బజారులో అమ్ముడయ్యేవి, చాలాకాలం నిలవ ఉండేవి. రెండో సరుకు బూడిద. కట్టెలు కాల్చిన బూడిదను అడుగున చిల్లులున్న కుండలో నింపి పైన నీళ్లు పోస్తే, కింది కుండలోకి క్షారపు నీరు బొట్టుబొట్టుగా దిగుతుంది. ఆ నీళ్లలో నీలి ఉండలు వేసి, మూతపెట్టి, రోజుల తరబడి పులియనిస్తారు. సూక్ష్మజీవులు నీలిమందును నీళ్లలో కరిగే రూపంలోకి మారుస్తాయి. ఇది దోసెల పిండి లాంటి వ్యవహారమే. వేడి ఎక్కువైనా, తక్కువైనా, క్షారం సరిపోకపోయినా బాన చెడిపోతుంది. పండిందా లేదా అన్నది వాసన, రంగు, నాలుక మీద రుచి చూసి తేల్చుకోవాల్సిందే. ముంచి తీసిన గుడ్డ మొదట పసుపుపచ్చగా ఉండి, గాలి తగలగానే కళ్లముందే నీలంగా తిరుగుతుంది. ముదురు రంగు కావాలంటే మళ్లీ మళ్లీ ముంచాలి, మధ్యలో ఆరబెట్టాలి. చివర్లో కర్ర సుత్తితో బాదితే గుడ్డకు మెరుపు వస్తుంది.

ఈ పనిలో ఇద్దరు వేర్వేరు నిపుణులుంటారు. గుడ్డ మీద నమూనా వేసేది అలాదిరే. బానల సంగతి చూసేది అలారో. నమూనాల్లోనూ రకాలున్నాయి. రాఫియా తాటి నారతో గింజలనో రాళ్లనో గుడ్డలో ముడివేసి కట్టేది ఒనికొ. సూదితో మడతలు కుట్టేది అలబెరే. కర్రపెండలం పిండిలో కాస్త పటిక, మైలతుత్తం కలిపి కాచిన గంజితో బొమ్మలు గీసేది ఎలెకొ. కోడి ఈకతోనో ఆకు ఈనెతోనో గంజి గీత గీస్తే, అది ఎండాక ఆ మేర రంగు పట్టదు. గుడ్డ ఆరిన తర్వాత గంజిని గీకేస్తారు. ఈ చేతిగీత పనికి ఇబాదాన్ నగరం ప్రసిద్ధి. ఆ ఊరి మాపో హాలు స్తంభాలను కూడా నమూనాలో పెట్టుకుని, దానికి ఇబాదాన్‌దున్ అని పేరు పెట్టారు. ఇబాదాన్ మధురం అని అర్థం. అబెయొకూటాలో రేకులో బొమ్మ కత్తిరించి దానిమీద గంజి పూసే పద్ధతి పెరిగింది. ఆ రేకులు కత్తిరించేది మగవాళ్లు. 1935లో ఐదో జార్జి రజతోత్సవం జరిగితే, రాజూ రాణీ బొమ్మలతో ఒక నమూనా పుట్టి బాగా అమ్ముడైంది. కొనేవాళ్లకు ఏది కొత్తగా అనిపిస్తుందో కనిపెట్టడంలో ఈ ఆడవాళ్లు ముందే ఉన్నారు.

ఇక్కడ డబ్బు దారి చూడండి. ఆకు కోసి ఉండలు చేసి అమ్మేది ఆడవాళ్లు. బూడిద తయారీలోనూ, కుండల పనిలోనూ ఎక్కువమంది ఆడవాళ్లే. యొరూబా నమ్మకంలో కుమ్మరిపనికీ అద్దకానికీ కలిపి ఒకే దేవత, ఇయా మాపో. నమూనా వేసేది, ముంచేది, బజారులో అమ్మేది కూడా వాళ్లే. అంటే గుడ్డ మీద పెరిగిన విలువలో పెద్ద భాగం ఆడవాళ్ల చేతుల మధ్యే తిరిగేది. ఒకరి ఖర్చు ఇంకొకరి రాబడి. బయటి నుంచి వచ్చే పెద్ద సరుకు ఒక్కటే, తెల్లగుడ్డ.

ఆ ఒక్కటే తర్వాత పెద్ద సంగతైంది. ఇవాళ సంప్రదాయం అంటున్న ఆదిరే ఈ రూపంలో విస్తరించింది 20వ శతాబ్దం మొదట్లో. అంతకుముందు ఇంట్లో వడికి నేసిన ముతకగుడ్డను నీలిలో ముంచేవారు. మాంచెస్టర్ నుంచి పలచని నున్నటి మిల్లుగుడ్డ చవకగా రావడంతో సన్నటి ముడులు, సన్నటి గీతలు సాధ్యమయ్యాయి. రెండున్నర గజాల ముక్కలు రెండు పక్కపక్కన కుట్టి నడుముకు చుట్టుకునే గుడ్డగా అమ్మేవారు. వలస పాలన తెచ్చిన సరుకు మీద స్థానిక విద్య వికసించిందన్న మాట. సంప్రదాయం అనగానే వెయ్యేళ్ల వెనక్కి వెళ్లే అలవాటు ఉన్నవాళ్లకు ఇది రుచించకపోవచ్చు.

ఆ తెల్లగుడ్డ యూరోపియన్ కంపెనీల కొట్ల నుంచి అప్పు మీద వచ్చేది. పేరున్న వర్తకురాళ్లు అప్పు తెచ్చి, కింద చిన్న అద్దకందార్లకు పంచి, తిరిగి సరుకు తీసుకునేవారు. 1920లలో సెనెగల్ నుంచీ గోల్డ్ కోస్ట్ నుంచీ, అంటే ఇప్పటి ఘనా నుంచీ, కొనుగోలుదార్లు అబెయొకూటాకు వచ్చి ఆదిరేను మూటలు కట్టించుకుని పోయేవారు. గిరాకీ బాగున్నంతకాలం ఈ గొలుసు అందరికీ లాభం. ఆ ప్రాంతపు రైతులకు డబ్బు తెచ్చే కోకో పంట ధర పడిపోయి జనం దగ్గర డబ్బు లేనప్పుడు గుడ్డ మిగిలిపోయేది, అప్పు మాత్రం అలాగే ఉండేది. 1929 తర్వాతి మాంద్యం ఈ ఊరి ఆడవాళ్లకు బాకీల లెక్కలోనే అర్థమైంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే రెండు కొత్త సరుకులు కొట్లలోకి వచ్చాయి. బూడిద నీళ్ల బదులు వాడే కాస్టిక్ సోడా, ఆకు ఉండల బదులు వాడే కృత్రిమ నీలిమందు. జర్మనీలో బీఏఎస్ఎఫ్ కంపెనీ కృత్రిమ నీలిని 1897లో మార్కెట్‌లోకి తెచ్చింది. దాని దెబ్బ మనకూ తెలుసు. ఒకప్పుడు లండన్ వేలంపాటల్లో కర్పా పేరుతో అమ్ముడైన కడప నీలి వ్యాపారం తుడిచిపెట్టుకుపోయింది. భారత్‌లో దెబ్బతిన్నది నీలి సాగు. అబెయొకూటాలో కథ వేరు. అక్కడ కృత్రిమ నీలి మొదట వరంలాగే కనిపించింది. బూడిద కాల్చే పని లేదు, రోజుల తరబడి బాన పండే దాకా ఆగక్కర్లేదు. ఎలూ ఉండలు కొనే ఖర్చూ తగ్గింది. అప్పు తీర్చాల్సిన గడువు తరుముతున్నప్పుడు ఏ అద్దకందారైనా త్వరగా అయ్యే దారినే ఎంచుకుంటుంది.

దాంతో ఎవరైనా బాన పెట్టొచ్చన్న పరిస్థితి వచ్చింది. అలారోగా తయారుకావడానికి పట్టే ఏళ్ల శిక్షణ అక్కర్లేకపోయింది. కొత్తవాళ్లు చాలామంది దిగారు. కాస్టిక్ కొలత తెలియక గుడ్డ పాడుచేసినవాళ్లున్నారు, రంగు నిలవని సరుకు అమ్మినవాళ్లున్నారు. దూరం నుంచి వచ్చే కొనుగోలుదార్లు వెనక్కి తగ్గడం మొదలైంది. అలాకే అనే బిరుదున్న ఊరి రాజు రెండవ అదెమోలా కాస్టిక్ సోడాను, కృత్రిమ నీలిని నిషేధించాడు. 1930ల మధ్యలో అద్దకందార్లు దాన్ని ఊరికే ఒప్పుకోలేదు. అర్జీలు పెట్టారు, లాయర్ల దాకా వెళ్లారు, వలస ప్రభుత్వం విచారణ జరిపించాల్సి వచ్చింది. అటూ ఇటూ వాదనల్లో బలం ఉంది. నాణ్యత కాపాడాలన్న రాజు మాటలో తప్పు లేదు. కానీ ధరలు పడిపోయి, గుడ్డ అప్పు మీద వస్తున్నప్పుడు, ఖరీదైన నెమ్మది పద్ధతికి తిరిగి వెళ్లమంటే ఆ తేడా ఎవరు భరించాలి? ఈ ప్రశ్నకు నిషేధంలో జవాబు లేదు. ఆ దశాబ్దం ముగిసేసరికి పాత గిరాకీ కూలిపోయింది.

డబ్బు దారి మారిందని కూడా గమనించాలి. ఆకు అమ్మే ఆమెకు, బూడిద కాల్చే ఆమెకు చేరాల్సిన సొమ్ము రసాయనాల కొట్టుకు, అక్కడి నుంచి ఓడెక్కి బయటికి పోయింది. అద్దకందారు ఖర్చు తగ్గిందేమో గానీ, ఊళ్లో ఆడవాళ్ల మధ్య తిరిగే రాబడి కూడా తగ్గింది. చరిత్ర పుస్తకాలు కాస్టిక్ సోడా గొడవను నాణ్యత సమస్యగా చెప్తాయి. దీన్ని రాబడి కారిపోయిన కథగా చదవడమే సరైనదనిపిస్తుంది.

ఇంతలో పన్నుల భారం. అబెయొకూటాలో 1918 నుంచి ఆడవాళ్ల మీద మగవాళ్లతో సంబంధం లేకుండా విడిగా పన్ను వేశారు. ఆడపిల్లలకైతే పదిహేనేళ్లకే మొదలు. రాబడి పడిపోతుంటే పన్ను మాత్రం కదల్లేదు. 1940ల రెండో భాగంలో ఫున్మిలాయో రాన్సమ్-కుటి నాయకత్వంలో బజారు ఆడవాళ్లు రాజు కోట ముందు వేల సంఖ్యలో కూర్చున్నారు. 1949 జనవరిలో అలాకే గద్దె దిగాడు. ఈ ఉద్యమం అద్దకందార్లది మాత్రమే కాదు, బియ్యం అమ్మేవాళ్లూ మిగతా చిల్లర వర్తకురాళ్లూ అందరూ ఉన్నారు. అయితే సంఘం కట్టడం, అర్జీ రాయించడం, అధికారి ముందు నిలబడి మాట్లాడటం అనే అలవాటు ఈ ఊరి ఆడవాళ్లకు అంతకుముందు దశాబ్దంలోనే, అద్దకం గొడవల్లోనే బాగా పడింది.

బమాకోలో మెరిసే గుడ్డ

మాలీ రాజధాని బమాకో కథ ఇంకోరకం. అక్కడ ఇవాళ ఎక్కువగా నడిచేది బాజాన్ అద్దకం. దీనికి వాడేది నేతలోనే పూలు తేలిన డమాస్క్ నూలుగుడ్డ. మేలు రకం ఆస్ట్రియా, జర్మనీల నుంచి, చవక రకం చైనా నుంచి వస్తుంది. పెళ్లికో, నామకరణానికో, అక్కడ తబాస్కి అనే బక్రీదుకో కొత్త బాజాన్ కట్టకపోతే పరువు తక్కువ. 1980ల తర్వాత సర్కారు ఉద్యోగాలు తగ్గి, మగవాళ్ల జీతాల మీద ఆధారపడటం కష్టమయ్యేకొద్దీ, ఇళ్ల ఆవరణల్లో ప్లాస్టిక్ టబ్బులు పెట్టుకుని రంగులేసే ఆడవాళ్లు పెరిగారు. పని పద్ధతిలో రంగు పొడి, కాస్టిక్, మన అద్దకంవాళ్లు హైడ్రోస్ అనే హైడ్రోసల్ఫైట్, వేడినీళ్లు. రంగేశాక గంజి పెట్టి ఆరబెడతారు. తర్వాత కుర్రాళ్లు ఎదురెదురుగా కూర్చుని బరువైన కర్ర సుత్తులతో లయగా బాదుతారు. గుడ్డ గాజులా మెరుస్తుంది. బాదుడు మగవాళ్ల కూలి.

ఈ వ్యాపారంలో ఒక తెలివైన ఏర్పాటు ఉంది. చాలాసార్లు గుడ్డ గిరాకీ మనిషే తెచ్చుకుంటాడు. అద్దకందారు తీసుకునేది రంగు ఖర్చు, చేతిపని కూలి. ఖరీదైన గుడ్డ మీద ఆమె డబ్బు ఇరుక్కోదు, మిగిలిపోయిన సరుకు బాధ లేదు. నష్టం తక్కువ, కానీ లాభమూ అంతే. సొంతంగా గుడ్డ కొని, రంగేసి, డాకర్ దాకా తీసుకెళ్లి అమ్మగల వాళ్లే పెద్ద వర్తకురాళ్లుగా ఎదుగుతారు. దాని కింద రోజుకూలీకి టబ్బుల్లో చేతులు పెట్టే అమ్మాయిలుంటారు. ఆడవాళ్ల జీవనోపాధి అని ఒకే మాటగా చెప్పేస్తే ఈ రెండు తరగతులూ కలిసిపోతాయి. యజమానురాలికీ కూలి అమ్మాయికీ మధ్య దూరం చిన్నది కాదు.

చేతి తొడుగులు లేకుండా కాస్టిక్ ముట్టుకుంటే చర్మం కాలుతుంది. హైడ్రోస్ ఆవిరి మూసిన చోట ఊపిరికి మంచిది కాదు. వాడిన నీళ్లు వీధి కాలువల్లోకి, అక్కడి నుంచి నైజర్ నదిలోకి పోతాయి. ఇంటి ఆవరణలో పని చేసుకోవడం అన్న సౌకర్యానికి ఇది రెండో వైపు. పిల్లలు ఆడుకునే చోటే రంగునీళ్లు పారతాయి. ఊరికో ఉమ్మడి అద్దకం షెడ్డు కడితే చాలని అనుకుంటాం. కానీ వంటా, పిల్లలూ, అద్దకమూ ఒకే చోట సర్దుకునే ఆడమనిషిని ఊరి చివర షెడ్డుకు రమ్మంటే, ఆమెకున్న అసలు వెసులుబాటే పోతుంది.

మాలీలోనే బొగొలాన్ అనే మట్టి అద్దకం ఉంది. బెలెదుగు ప్రాంతపు బమానా ఆడవాళ్ల విద్య అది. మగవాళ్లు నేసిన సన్నటి పట్టీలను కలిపికుట్టిన గుడ్డను న్గల్లమా ఆకుల కషాయంలో ముంచి పసుపు రంగు పట్టిస్తారు. ఇనుము పాలు ఎక్కువున్న బురదను కుండలో నెలల తరబడి ఊరనిచ్చి, దానితో బొమ్మలు గీస్తారు. ఆకులోని వగరు, మట్టిలోని ఇనుము కలిసి నలుపు నిలుస్తుంది. వేటగాళ్లు, బాలింతలు కట్టుకునే ఈ గుడ్డ 1980ల నుంచి ఫ్యాషన్‌గా, పర్యాటకుల సరుకుగా మారింది. డిజైనర్ క్రిస్ సేదూ దాన్ని పారిస్ దాకా తీసుకెళ్లాడు. డబ్బు రాగానే పట్టణాల్లో కుర్రాళ్లు రేకు అచ్చులు పట్టుకుని దిగారు. రోజుకు ఎన్నో ముక్కలు చేయగలిగే అచ్చుపని ముందు, వారాల తరబడి గీసే పల్లె ఆడవాళ్ల పని ధరలో నిలబడలేదు. 2012లో యుద్ధం మొదలై పర్యాటకులు రావడం మానేశాక ఆ అచ్చు సరుకు కొనేవాళ్లూ తగ్గారు. పని విలువ పెరిగినప్పుడు అది ఆడవాళ్ల చేయి దాటడం, పడిపోయినప్పుడు అందరూ కలిసి నష్టపోవడం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

తెలుగు నేతగాళ్లకు ఈ ప్రపంచం పూర్తిగా పరాయిదేం కాదు. చీరాల చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన గళ్ల రుమాళ్లు దశాబ్దాల పాటు నైజీరియాకు ఎగుమతి అయ్యాయి. నైజర్ డెల్టాలో కలాబరి జనం వాటిని ఇంజిరి అంటారు. అక్కడి ఆడవాళ్లు ఆ గుడ్డను అలాగే కట్టుకోరు. పడుగులోంచి, పేకలోంచి కొన్ని దారాలు బ్లేడుతో కోసి లాగేసి, కొత్త నమూనా తెస్తారు. దాని పేరు పెలెతె బితె. బయటి నుంచి వచ్చిన గుడ్డకు తమ చేతులతో ధర పెంచడం అన్న తెలివి ఆదిరేలో ఉన్నదే ఇక్కడా ఉంది.

మళ్లీ ఇటోకుకు వస్తే, ఇప్పుడు నీలం ఒక్కటే లేదు. మైనం కరిగించి పూసి, రసాయన రంగుల్లో ముంచే కంపాలా రకం ఎప్పుడో వచ్చేసింది, మగవాళ్లూ బాగానే దిగారు. దానికి తోడు చైనా నుంచి యంత్రం మీద అచ్చేసిన ఆదిరే బొమ్మల గుడ్డ వచ్చి అదే బజారులో పక్కనే అమ్ముడవుతోంది. 2023 జూన్‌లో నైజీరియా తన నైరా విలువను మార్కెట్‌కు వదిలేసింది. అది డాలర్‌తో పోలిస్తే నిట్టనిలువునా పడింది. తెల్లగుడ్డ, రంగు, హైడ్రోస్ అన్నీ దిగుమతి సరుకే కాబట్టి చేతి అద్దకానికి ముడిసరుకు భారమైంది. ఎలూ ఆకుకీ బూడిదకీ డాలర్‌తో పని లేదు. కానీ ఆ ఆకు కోసి ఉండలు చేసేవాళ్లు ఇప్పుడు బజారుకు సరిపడా లేరు.

ఆ పాత పద్ధతిని పట్టుకున్నవాళ్లలో అందరికీ తెలిసిన పేరు నికే డేవీస్-ఒకుండాయె. 1951లో పుట్టిన ఈమె అద్దకం ఇంట్లోని ముసలివాళ్ల దగ్గర నేర్చుకుంది. ఒషొగ్బోలో కేంద్రం పెట్టి ఎంతోమంది ఆడవాళ్లకు ఫీజు లేకుండా నేర్పింది. నేర్చుకున్నవాళ్ల సరుకు గ్యాలరీల్లో, విదేశీ కొనుగోలుదార్ల దగ్గర మంచి ధర పలుకుతుంది. ఆ గిరాకీ ఇటోకు బజారంత పెద్దది కాదు. కళాఖండంగా అమ్ముడయ్యే గుడ్డ కొన్ని కుటుంబాలను నిలబెడుతుంది. ఊరంతా బతకాలంటే రోజూ కట్టుకునే గుడ్డ అమ్ముడవ్వాలి.

అచ్చు గుడ్డను అడ్డుకోవడానికి ఆదిరేకు భౌగోళిక గుర్తింపు కావాలన్న మాట వినిపిస్తోంది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే ఆ గుర్తింపు వచ్చింది. అయినా ఇక్కత్ బొమ్మల ప్రింటు చీరలు ఏ ఊరి కొట్లో అయినా దొరుకుతూనే ఉన్నాయి. బొమ్మ మీద హక్కు వచ్చినా, కేసు వేసే స్తోమత ఉన్న సంఘం లేకపోతే అది కాగితం మీదే ఉంటుంది. అబెయొకూటాలో దానికి ముందు తేలాల్సింది ఇంకోటుంది. ముద్ర ఎవరి పేరున ఇస్తారన్నది. గుడ్డ కొని పని చేయించే వర్తకురాలికా, నమూనా కట్టే అలాదిరేకా, బాన చూసుకునే అలారోకా?